బండి మధ్యలో ఆగిపోతోందా? ముందు ట్యాంకు మూత తీసి చూడండి

వానాకాలం మొదలైతే చాలు, మన శీర్షికకి పెట్రోలు గురించిన ఉత్తరాలు ఎక్కువైపోతాయి. ఈసారి వచ్చినవాటిలో చాలావరకు చివరికి ట్యాంకు మూత దగ్గరికే వచ్చి ఆగాయి, అందుకని వాటినే ఒకచోట పెట్టి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మాది ఆమదాలవలస. రోజూ శ్రీకాకుళం డ్యూటీకి పాత కార్బురేటర్ బండి మీద వెళ్తాను. బయల్దేరినప్పుడు బాగానే ఉంటుంది, సగం దారి దాటాక గుటుక్కుమని ఆగిపోతుంది. కాసేపు పక్కన పెడితే మళ్లీ స్టార్టవుతుంది. కార్బురేటర్ కడిగించాను, ప్లగ్గు మార్చాను. ఇప్పుడు మెకానిక్ బోరు చేయించమంటున్నాడు. ఏటి చెయ్యమంటారు?

బోరు, అంటే ఇంజను సిలిండరు లోపల అరగదీసి కొత్త పిస్టన్ వేయించే సంగతి, ప్రస్తుతానికి ఆపండి మాస్టారూ. ఈసారి బండి ఆగిన వెంటనే, రోడ్డు పక్కకి తీసి, ట్యాంకు మూత తెరవండి. తెరవగానే 'ఉస్స్' మని గాలి లోపలికి పోయిన చప్పుడు వచ్చి, ఆ తర్వాత రెండు కిక్కులకి బండి అందుకుందంటే దొంగ దొరికినట్టే.

ట్యాంకులోంచి పెట్రోలు ఎంత కిందికి దిగితే అంత చోటులోకి పైనుంచి గాలి రావాలి. నీళ్ల సీసాకి నోరు బిగించి పీలిస్తే సీసా నొక్కుకుపోయి నీళ్లు రావడం ఆగిపోతాయి చూడండి, ఇక్కడా అదే కథ. పాత బళ్లలో ఆ గాలి వచ్చే దారి మూతలోనే ఉంటుంది, సన్నటి కన్నం, కొన్నింటిలో చిన్న స్ప్రింగు వాల్వు. దుమ్మూ, వాన నీళ్లూ కలిసి దాంట్లో గట్టిపడితే గాలి లోపలికి పోదు, కార్బురేటర్‌కి పెట్రోలు అందదు. బండి పక్కన పెడితే గాలి ఎక్కడో సందుల్లోంచి మెల్లగా దూరుతుంది కాబట్టి మళ్లీ స్టార్టవుతుంది, మనమేమో ఇంజను వేడెక్కిందనుకుంటాం.

మూత ఊడదీసి, లోపలి వైపు మెత్తటి బ్రష్షుతో శుభ్రం చేసి, పంక్చరు షాపులో తక్కువ ప్రెషరుతో గాలి కొట్టించండి. సూదీ, ఇనప తీగా పెట్టి పొడవకండి, వాల్వు పాడైతే ఇక వాన నీళ్లు నేరుగా ట్యాంకులోకే. శుభ్రం చేసినా మళ్లీ అదే వరస అయితే కొత్త మూత వేయించడమే నయం, ఆ ఖర్చు బోరు ఖర్చులో ఏ మూలకీ రాదు.

మూత తెరిచినా తేడా లేదంటే మాత్రం పెట్రోలు ట్యాపూ, ఫిల్టరూ చూపించండి. ప్లగ్గుకి కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ కూడా వేడెక్కితే ఇలాగే మొరాయిస్తుంది, బండి ఆగిన క్షణంలో ప్లగ్గులో స్పార్కు వస్తోందో లేదో చూస్తే తేలిపోతుంది.

ప్రశ్న: మేం కళింగపట్నంలో ఉంటాం. చేపల వ్యాపారం, బండి ఎప్పుడూ ఆరుబయటే. వాన పడిన మర్నాడు స్టార్ట్ అవదు, ట్యాంకులో నీళ్లున్నాయంటున్నారు. మూత తాళం కూడా తుప్పు పట్టి తిరగడం లేదు.

సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఈ రెండు బాధలూ కవలపిల్లల్లా వస్తాయి. ముందు నీళ్ల సంగతి.

చాలా బళ్లలో మూత చుట్టూ ఉండే గాడిలో ఒక చిన్న కన్నం ఉంటుంది, అక్కణ్ణుంచి సన్నటి పైపు బండి కిందికి దిగుతుంది. మూత చుట్టూ చేరిన వాన నీళ్లు పోయేది దానిలోంచే. ఆ కన్నం ఇసకతో పూడితే నీళ్లు గాడిలో నిలిచి, రబ్బరు వాషరు ఏమాత్రం గట్టిపడినా, పగిలినా, లోపలికి దిగుతాయి. దీనికి సామాను మీ ఇంట్లోనే ఉంది, గాలం వేసే నైలాను తీగ. ట్యాంకు నోటికి శుభ్రమైన పొడి గుడ్డ అడ్డం పెట్టి, ఆ కన్నంలోంచి తీగ మెల్లగా దించి పైకీ కిందికీ ఆడించండి. పని అయ్యాక గుడ్డ తీయడం మర్చిపోకండి. ఆ పైపు కింది చివర బురదతో మూసుకుపోయిందేమో కూడా చూసుకోండి.

ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీళ్లని తనలో కలుపుకుంటుంది, కొంచెం తేమ అయితే పెట్రోలుతో పాటే కాలిపోతుంది. నీళ్లు ఎక్కువైతే మాత్రం ఇథనాలూ నీళ్లూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి చేరతాయి, పెట్రోలు వెళ్లే దారి కూడా అడుగునే కదా, అందుకే మీ బండి పొద్దున్నే మొండికేస్తోంది. పైన ఇంకో లీటరు పోసి సర్దుకుందామంటే కుదరదు, ట్యాంకు మొత్తం దించి, ఖాళీ చేసి ఆరబెట్టాల్సిందే. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పటిలాంటి గాలివానలో బండి రాత్రంతా తడిసిందంటే, స్టార్ట్ చేసే ముందే కొంచెం పెట్రోలు అడుగునుంచి గాజు సీసాలోకి తీసి చూడండి, నీళ్లుంటే కింద వేరే పొరగా కనిపిస్తాయి.

తాళానికి గ్రీజూ, వంటనూనే వద్దు, ఇసకా ఉప్పూ వాటికి అంటుకుని ఇంకా బిగుసుకుంటుంది. తాళాలు బాగుచేసేవాళ్ల దగ్గర గ్రాఫైట్ పొడి దొరుకుతుంది, తాళం కన్నంలోకి చిటికెడు ఊదితే చాలు. తాళంచెవి బలవంతంగా తిప్పి విరగ్గొడితే మాత్రం పెద్ద పని.

ప్రశ్న: విజయనగరంలో ఉంటాం. కారులో పెట్రోలు కొట్టించిన మర్నాడు పసుపు రంగు ఇంజను లైటు వెలిగింది. టెన్షన్‌గా ఉంది. ఇంకోటి, బంకులో మూత పైన పెట్టి మర్చిపోతే ఎక్కడో పడిపోయింది, కొత్తది బజారులో ఏదైనా కొనుక్కోవచ్చా?

లైటు నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తుంటే కంగారు పడకండి మేడమ్. కొన్ని కార్లలో పెట్రోలు ఆవిరి బయటికి పోతోందేమో కనిపెట్టే ఏర్పాటు ఉంటుంది, మూత సరిగ్గా బిగించకపోయినా అది లైటు వేస్తుంది. మీకు అసలు మూతే లేదు కాబట్టి అనుమానం ముందు దాని మీదే. కొత్త మూత పెట్టి 'టక్' మని చప్పుడు వచ్చేదాకా తిప్పండి. లైటు వెంటనే ఆరదు, కొన్ని ట్రిప్పులు తిరిగాక ఆరుతుంది. అదే లైటు ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటుంటే మూతతో సంబంధం లేదు, బండి పక్కన ఆపి మెకానిక్‌ని పిలవండి.

ఇక బజారు మూత. మరలోకి ఎక్కినంత మాత్రాన సరైనదని కాదు. కొన్ని మూతలు గాలిని నేరుగా రానిస్తాయి, కొన్ని ఆవిరిని బయటికి పోనివ్వకుండా గట్టిగా మూసి, అవసరమైనప్పుడే వాల్వులోంచి గాలి తీసుకుంటాయి. ఒకదాని చోట ఇంకోటి పెడితే మళ్లీ ఆ లైటే వెలగొచ్చు. మీ కారు మోడలూ, తయారైన సంవత్సరమూ చెప్పి అడగండి, తాడు ఉన్న మూత దొరికితే అదే తీసుకోండి. అందాకా గుడ్డ కుక్కి తిరగకండి, పెట్రోలు పీల్చుకున్న గుడ్డ ఒత్తి లాంటిదే.

అడగలేదు గానీ చెప్తున్నాను, బంకులో ఆటో కట్ పడ్డాక, అంటే ట్యాంకు నిండి గన్ను దానంతటదే ఆగిపోయాక, రౌండ్ ఫిగర్ కోసం మళ్లీ కొట్టించడం మానేయండి. ఎక్కువైన పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి పోతే అది పాడవుతుంది. బైకుల వాళ్లకీ ఇదే మాట: పది లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది, మూతి దాకా నింపి మే నెల ఎండలో పెడితే కారిపోక ఏం చేస్తుంది?

ప్రశ్న: బొబ్బిలి దగ్గర పల్లె మాది. ట్రాక్టరు డీజిల్ మూత పోయింది. పాలిథిన్ కవరు కట్టి తాడు బిగించాం. నూర్పులప్పుడు గంటకోసారి ఆగిపోతోంది.

కవరు బిగుతుగా కట్టినందుకే ఆగుతోంది బాబూ, గాలి వచ్చే దారి మూసేశారు. పోనీ వదులుగా కడదామంటే నూర్పుళ్ల దుమ్మంతా డీజిల్‌లోకి పోయి ఫిల్టరుని పూడ్చేస్తుంది, అది దాటిపోయిన దుమ్ము పంపునీ, ఇంజెక్టర్లనీ అరగదీస్తుంది. మీ ట్రాక్టరు మోడలుకి సరిపోయే, గాలి కన్నం ఉన్న మూత కొనండి. ఇన్నాళ్లూ ఆ కవరుతో తిరిగారు కాబట్టి ఫిల్టరు కూడా మార్పించేయండి.

ప్రశ్న: రాజాం నుంచి. బైకు ట్యాంకు మూత ఒక్కటే మారిస్తే రెండు తాళంచెవులు మొయ్యాలా?

మూత ఒక్కటే కొంటే మొయ్యాల్సిందే. ఇగ్నిషన్, ట్యాంకు మూత, సైడు తాళం కలిపి లాక్‌సెట్‌గా అమ్ముతారు, అది వేయిస్తే అన్నింటికీ ఒకటే తాళంచెవి. పాత తాళం బాగుండి రబ్బరు వాషరు ఒక్కటే పోతే, విడిగా వాషరు దొరుకుతుందేమో ముందు అడగండి. మీరే మార్చుకుంటానంటే ఒక సంగతి: మూత పైన కనిపించే బోల్టుల్లో కొన్ని అలంకారానికే, అసలువి మూత ఎత్తితేనే అందుతాయి. విప్పేటప్పుడు ట్యాంకు నోట్లో గుడ్డ పెట్టుకోండి, స్క్రూ లోపల పడితే ట్యాంకు దించాలి. ఇంజను చల్లగా ఉండాలి, చుట్టుపక్కల బీడీ, సిగరెట్ ఉండకూడదు.