బ్యోర్క్‌హాగెన్ నుంచి టిరెస్టా దాకా ఒక్కదానివే నడవాలంటే

అమ్మడూ,

అక్టోబర్ మొదటి శనివారం ఒక్కదానివే టిరెస్టా అడవి దాకా నడుస్తానన్నావట, మీ అమ్మ నిన్న ఫోన్లో ఒకటే కంగారు. వెళ్ళనివ్వమనే చెప్పాను. స్టాక్‌హోమ్‌లో ఉంటూ, మెట్రో దిగితే ఎదురుగా అడవి ఉన్న ఊళ్ళో ఉంటూ, పొద్దంతా నీ కాళ్ళ మీద నువ్వు నడిచే ఒక రోజు లేకపోతే ఎలా? అయితే నీకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

నువ్వు బూట్ల గురించి అడిగావు. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది, మధ్యలో ఎక్కడెక్కడ ఆగిపోవచ్చన్నది. సోర్మ్‌లాండ్స్‌లేడెన్ మొత్తం వెయ్యి కిలోమీటర్ల బాట. నువ్వు నడిచేది అందులో మొదటి ముక్క, ఇరవై కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. బ్యోర్క్‌హాగెన్‌లో గ్రీన్ లైన్ మెట్రో దిగి నడక మొదలుపెడితే ముందు హెల్లాస్‌గోర్డెన్ వస్తుంది. అక్కడ చెరువు, కాఫీ, స్నానాల రేవు, ఊళ్ళోకి బస్సు అన్నీ ఉన్నాయి. తర్వాత ఆల్బీ, దాదాపు సగం దారి. అక్కడి నుంచీ ఊళ్ళోకి రావచ్చు. ఆల్బీ దాటాక మాత్రం టిరెస్టా ఊరు చేరేదాకా అంత సులువుగా బయటపడే చోటు లేదు. ఈ సంగతి మ్యాప్ మీద వేలు పెట్టి చూసుకో. ఫోన్లోనే కాదు, కాగితం మ్యాప్ మీద కూడా.

ఆ బాటలో వేర్లు, రాళ్ళు, ఎత్తుపల్లాలు ఎక్కువ. గంటకి మూడు కిలోమీటర్లే లెక్క వేసుకో. గూగుల్ చెప్పే ఐదు తారు రోడ్డుకి. ఎనిమిదింటికల్లా బయల్దేరితే పదకొండున్నరకి ఆల్బీలో ఉంటావు. ఏ కారణం చేతైనా పన్నెండున్నర దాటిందా, అక్కడితో ఆపి బస్సెక్కెయ్. ఈ నియమం ఇంట్లో కూర్చుని పెట్టుకోవాలి, ఆల్బీలో నిలబడి కాదు. నలుగురితో వెళ్తే ఒకరు "ఇంకొంచెం" అంటారు, ఒకరు "ఇక చాలు" అంటారు. ఒంటరిగా ఉంటే రెండు మాటలూ నువ్వే అనాలి. అలిసిన మనిషికి ఆ రెండోది నోటికి రాదు. అక్టోబర్ మొదట్లో ఆరు దాటాక పొద్దుగూకుతుంది, చెట్ల కింద ఇంకా ముందే మసక పడుతుంది. నెలాఖర్లో గడియారాలు వెనక్కి తిప్పాక నాలుగు దాటగానే పొద్దుగూకుతుంది. తలకి కట్టుకునే లైటు ఎలాగూ తీసుకెళ్ళు.

బాట పొడుగునా చెట్లకీ, గుంజలకీ నారింజ రంగు గుర్తులుంటాయి. ఒక గుర్తు దాటాక కాసేపటికి ఇంకొకటి కనబడకపోతే ముందుకెళ్ళి వెతక్కు. చివరిగా చూసిన గుర్తు దగ్గరికి వెనక్కి వచ్చి, అక్కడ నిలబడి చుట్టూ చూడు. చాలాసార్లు మలుపు అక్కడే ఉంటుంది. బురద నేలల మీద రెండేసి పలకలు వరసగా పరిచి ఉంటాయి. ఎండలో చూడముచ్చటగా ఉంటాయి కానీ వాన పడితే సబ్బు బిళ్ళలే. ఆ పలకల మీద అడుగు చదునుగా, పొట్టిగా వెయ్యాలి, ఫోన్ జేబులో ఉండాలి.

టిరెస్టా అడవి 1993 నుంచి నేషనల్ పార్క్. కొన్ని పైన్ చెట్లు నాలుగు వందల ఏళ్ళవి. బెరడు మందంగా పలకలు పలకలుగా విడిపోయి ఉంటుంది, చెయ్యి పెట్టి చూడు. 1999 ఆగస్టులో అక్కడ కార్చిచ్చు రేగి 450 హెక్టార్లు తగలబడింది. ఆ మేర కావాలనే అలా వదిలేశారు, అడవి తనంతట తాను ఎలా లేస్తుందో చూడటానికి. ఎండిన మానులు ఇంకా ఉన్నాయి, గాలి గట్టిగా వీచే రోజు వాటి కింద ఆగకు. పార్క్‌లో ఎక్కడ పడితే అక్కడ మంట వెయ్యకూడదు, కేటాయించిన చోటే. పుట్టగొడుగుల జోలికి వెళ్ళకు. ప్రాణం తీసే రకాలు మంచివాటి పక్కనే ఉంటాయి, వాటిని గుర్తుపట్టడం ఏళ్ళ తరబడి నేర్చుకునే విద్య. ఎర్రటి లింగాన్ పళ్ళు ఆ రోజుల్లో ఉంటాయి, అవి తిను.

తిండి సంగతి. మీ అమ్మ పులిహోర కట్టుకోమంటుంది. చలికి అన్నం మెతుకు మెతుకూ గట్టిపడి నోట్లో ఇసకలా ఆడుతుంది. చపాతీలు చేసుకుని లోపల నువ్వులూ బెల్లం పెట్టి చుట్టుకో. ఫ్లాస్కులో వేడి చారు పోసుకో. చెరువు గట్టున ఆ చారు ఒక గుక్క తాగితే ఎంత హాయో నువ్వే చూస్తావు. నీళ్ళు లీటరున్నర ఇంటినుంచే తీసుకెళ్ళు.

జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. ఉన్ని సాక్సులు రెండు జతలు. మడమ దగ్గర కాస్త వేడి తగలగానే, అక్కడికక్కడే కూర్చుని, సాక్సు విప్పి, ఆరబెట్టి, టేపు అంటించు. బొబ్బ లేచాక అంటిస్తే ప్రయోజనం లేదు.

ఇక మనుషులు. మీ అమ్మకి ఫోటోలు పంపు, సంతోషిస్తుంది. కానీ ఎక్కడున్నావో, ఎప్పటికి తిరిగొస్తావో ఇక్కడున్న మనిషికి తెలియాలి. రాజమండ్రిలో కూర్చుని ఆవిడ చెయ్యగలిగింది కంగారు పడటమే. బయల్దేరేటప్పుడు ఒకటి, ఆల్బీలో ఒకటి, టిరెస్టా బస్సెక్కాక ఒకటి, నాకు మెసేజ్ పెట్టు. ఏడింటికి కూడా మూడోది రాకపోతే నేను అత్యవసర నంబరు 112కి ఫోన్ చేస్తాను. ఆ పేరుతోనే ఒక యాప్ కూడా ఉంది, అందులోంచి ఫోన్ చేస్తే నువ్వెక్కడున్నావో వాళ్ళకి తెలుస్తుంది. ఇవాళే వేసుకో. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, ఫోన్ లోపలి జేబులో ఒంటికి ఆనేట్టు పెట్టుకో. బాట మీద ఎదురైనవాళ్ళు "హేయ్" అంటారు. నువ్వూ అను. ఊళ్ళో పలకరించని మనుషులే అడవిలో పలకరిస్తారు.

టిరెస్టా ఊరి నుంచి హాండెన్‌కి బస్సు, అక్కడ లోకల్ ట్రైను. శనివారం బస్సులు తక్కువ, ముందురోజే టైములు చూసుకో. ఇంటికి రాగానే స్నానానికి ముందు మోకాళ్ళ వెనక, నడుం దగ్గర, చెవుల వెనక పిడుదులు ఉన్నాయేమో చూసుకో. కనబడితే చర్మానికి ఆనించి పట్టకారుతో లాగెయ్. తర్వాత రోజుల్లో కుట్టిన చోట ఎర్రగా పాకితే, ఆరోగ్య సలహాల నంబరు 1177కి ఫోన్ చెయ్యి. పిడుదులు కుడితే వచ్చే మెదడువాపుకి వేసే టీబీఈ టీకా ఇప్పుడు మొదలుపెడితే వచ్చే వేసవికి పనికొస్తుంది.

నా రెయిన్ జాకెట్టు నీకు సరిపోతుంది. శుక్రవారం సాయంత్రం వచ్చి అదీ, మ్యాపూ తీసుకెళ్ళు. భోజనం ఇక్కడే.

పెద్దమ్మ