బ్లాక్‌పూల్‌లో ఇల్లు చవకే, మరి విజయవాడ ఫ్లాట్ సంగతి?

ప్రశ్న: మేము 2021 నుంచి లండన్ శివారు హారోలో ఉంటున్నాం. నేను ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో నర్సుని, జీతాల స్కేల్లో బ్యాండ్ 5 పై మెట్టులో ఉన్నాను. మా వారు నా వీసా మీద డిపెండెంట్. ఐటీ ఉద్యోగం, వారానికి రెండు రోజులు లండన్ ఆఫీసుకు వెళ్లాలి. అద్దె నెలకు 1,850 పౌండ్లు. బాబుకి ఐదేళ్లు. ఇంగ్లండ్ వాయవ్య తీరంలోని బ్లాక్‌పూల్‌లో విక్టోరియా హాస్పిటల్‌కు దగ్గరగా, లేటన్‌లో మూడు బెడ్‌రూముల టెర్రస్ ఇల్లు (గోడలు కలిసి వరుసగా ఉండే ఇళ్లలో ఒకటి) 1,40,000 పౌండ్లకు చూశాం. మా సేవింగ్స్ 32,000 పౌండ్లు. విజయవాడలో మా వారి పేరున 2016లో కొన్న ఫ్లాట్ ఉంది. ఇప్పుడు 62 లక్షలు పలుకుతోంది, నెలకు 14,000 రూపాయల అద్దె వస్తోంది. ‘సముద్రం పక్కన సొంత ఇల్లు, నెల కంతు ఇప్పటి అద్దెలో సగం కూడా ఉండదు, ఇంకా ఆలోచనేంటి?’ అంటున్నారు మా ఆడపడుచు గారు. కొనేయమంటారా?
– ఒక పాఠకురాలు, హారో

జవాబు: ఇప్పుడే కొనొద్దమ్మా. బ్లాక్‌పూల్ మంచిది కాదని కాదు. నర్సుగా మీకు ఆ ఊరు నప్పుతుందనే నా అభిప్రాయం. కానీ ఈ ఇల్లు మీకు చివరికి ఎంత పడుతుందో తేల్చేది దాని ధర కాదు, మీరు ఉత్తరంలో మాటవరసకు రాసిన రెండు విషయాలు. ఒకటి విజయవాడ ఫ్లాట్, రెండోది మీ వారి ఆఫీసు.

ముందు ఫ్లాట్. ఇంగ్లండ్‌లో మొదటిసారి ఇల్లు కొనేవారికి 3 లక్షల పౌండ్ల ధర దాకా స్టాంప్ డ్యూటీ లేదు. ఈ దేశంలో మాకిదే మొదటి ఇల్లు కాబట్టి ఆ మినహాయింపు మాకూ వస్తుందని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. రాదు. ప్రపంచంలో ఎక్కడా అంతకుముందు ఇల్లు కొని ఉండకూడదు, వారసత్వంగా వచ్చినా లెక్కే. పోనీ మామూలు రేటు కట్టేద్దామా అంటే అదీ కుదరదు. 40,000 పౌండ్లు, ఆపైన విలువ చేసే ఇల్లు ఇంకొకటి ఏ దేశంలో ఉన్నా సరే, 2024 అక్టోబర్ 31 నుంచి కొత్త ఇంటి మొత్తం ధర మీద 5 శాతం అదనంగా కట్టాలి. పౌండుకు 115 రూపాయల లెక్కన మీ ఫ్లాట్ సుమారు 54,000 పౌండ్లు. ఇక్కడ చూసేది రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న విలువ కాదు, మార్కెట్ విలువ. ఇల్లు మీ ఒక్కరి పేరున కొన్నా తప్పించుకోలేరు, కలిసి ఉంటున్న భార్యాభర్తలను ఈ విషయంలో ఒకటిగానే చూస్తారు.

కాగితం మీద పెట్టి చూడండి. ఫ్లాట్ ముందే అమ్మేసి ఇద్దరి పేరునా కొంటే 1,40,000 పౌండ్ల ఇంటికి స్టాంప్ డ్యూటీ 300 పౌండ్లు. ఫ్లాట్ ఉంటే 7,300. 15 శాతం డిపాజిట్‌కు 21,000 తీసి, లాయరుకు, సర్వేకు, చిల్లర ఖర్చులకు 2,500 అనుకుంటే మొత్తం 30,800. మీ 32,000లో మిగిలేది 1,200 పౌండ్లు. పాత ఇంట్లోకి దిగిన మొదటి చలికాలంలో బాయిలర్ పోతే ఆ డబ్బు అక్కడే అయిపోతుంది. ఇల్లు కొన్నాక కనీసం నాలుగు నెలల ఖర్చు చేతిలో లేని కుటుంబాన్ని నేను కొనమని చెప్పను. చిన్నపిల్లాడు ఉన్న ఇంటికి అసలే చెప్పను.

తర్వాత ఫ్లాట్ అమ్మి ఆ 7,000 వెనక్కి తెచ్చుకుందామనుకోకండి. ఆ వాపసు, అంతకుముందు తాము కాపురం ఉన్న ఇంటిని అమ్మినవారికి. కొత్త ఇల్లు కొనేనాటికి ముందు మూడేళ్లలో ఎప్పుడైనా మీరు విజయవాడ ఫ్లాట్‌లో కాపురం ఉండి ఉండాలి, మీరు లేరు. కాబట్టి అమ్మదలిస్తే ముందే అమ్మాలి.

అమ్మాలా? ఏడాదికి 1,68,000 రూపాయల అద్దె అంటే 62 లక్షల మీద మూడు శాతం కూడా కాదు. అదనంగా కట్టే 7,000 పౌండ్లు సుమారు 8 లక్షల రూపాయలు, అంటే దాదాపు ఐదేళ్ల అద్దె. పెద్దవాళ్లను అందులో ఉంచే ఆలోచన గానీ, పదేళ్లలోపు మీరే తిరిగి వెళ్లే ఉద్దేశం గానీ లేకపోతే నేనైతే అమ్మమనే అంటాను. ఎన్నారై అమ్ముతున్నారు కాబట్టి కొనేవారు టీడీఎస్ పట్టుకుని ఇస్తారు. బ్రిటన్‌లోనూ ఏడాదికి 3,000 పౌండ్లు దాటిన లాభం మీద పన్ను ఉంది, అయితే ఇండియాలో కట్టినది అందులో తగ్గిస్తారు. ఇక్కడి లాభాన్ని పౌండ్లలో, కొన్ననాటి మారకం రేటుతో, అమ్మిననాటి రేటుతో విడివిడిగా మార్చి లెక్కిస్తారు. 2016 తర్వాత రూపాయి బాగా తగ్గింది కాబట్టి మీ లాభం రూపాయల్లో కనిపించినంత ఉండదు. రెండు దేశాల పన్నులూ తెలిసిన అకౌంటెంట్‌కు ఒకసారి ఫీజు కట్టి చూపించుకోండి.

మీరు అడగలేదు గానీ ఒకటి చెప్పాలి. ఆ అద్దె ఏడాదికి సుమారు 1,460 పౌండ్లు. ఇండియాలోనే ఉంచిన 2,000 పౌండ్లలోపు ఆదాయానికి ఇదివరకు ఉన్న వెసులుబాటు 2025 ఏప్రిల్ 6 నుంచి పోయింది. 1,000 పౌండ్లు దాటింది కనుక మీ వారు దాన్ని ఇక్కడ చూపించాలి. కట్టాల్సింది తక్కువే ఉండొచ్చు, చూపించకపోతేనే టెన్షన్.

ఇక జీతాలు. నర్సులకు ఇలాంటి ఊళ్లు ఎందుకు కలిసొస్తాయంటే, ఎన్‌హెచ్‌ఎస్ స్కేలు ఇంగ్లండ్ అంతటా ఒకటే. 2025-26 స్కేల్లో బ్యాండ్ 5 పై మెట్టు 37,796 పౌండ్లు, బ్లాక్‌పూల్‌లో ఇచ్చేదీ అంతే. హారోలో మీకు దాని మీద వస్తున్న 15 శాతం లండన్ అలవెన్సు, అంటే 5,669 పౌండ్లు, మాత్రం పోతుంది. పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్, పెన్షన్ పోను చేతికి తగ్గేది నెలకు 300 దాకా. అక్కడ అద్దె 800 అనుకున్నా మీకు 1,050 మిగులుతుంది, ఈ 300 తీసేస్తే 750.

ఆ 750ని మీ వారి రైలు మింగేయగలదు. బ్లాక్‌పూల్ నార్త్ నుంచి లండన్ యూస్టన్ స్టేషన్‌కు సుమారు మూడు గంటలు, చాలాసార్లు ప్రెస్టన్‌లో మారాలి. రోజూ వెళ్లి రావడం కుదరని పని, వారానికి ఒక రాత్రి లండన్‌లో ఉండాల్సిందే. టిక్కెట్, బస కలిపి వారానికి 150 పౌండ్లు అనుకున్నా నెలకు 650. అప్పుడు మీ ఊరు మార్పు వల్ల మిగిలేది నెలకు 100 పౌండ్లు, పైగా వారంలో రెండు రోజులు ఇంట్లో తండ్రి ఉండడు, మీకేమో షిఫ్టులు. అందుకే నా మొదటి ప్రశ్న ఇంటి గురించి కాదు. ఆఫీసుకు నెలకు ఒకసారి వస్తే చాలని ఆయన కంపెనీ రాసిస్తుందా? లేదంటే మాంచెస్టర్‌లో ఉద్యోగం చూసుకుంటారా? అక్కడికైతే గంటంపావు. డిపెండెంట్ వీసా కాబట్టి ఉద్యోగం మారడం ఆయనకు తేలికే. మీకే కష్టం. అక్కడి ఆస్పత్రిని నడిపే కొత్త ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టు స్పాన్సర్‌షిప్ ఇచ్చి, వీసా మళ్లీ మంజూరయ్యాకే చేరాలి. ఆ కాగితం రాకుండా హారో ఇల్లు ఖాళీ చేయకండి.

ఊరి గురించి. మీరు ఏ కాలంలో వెళ్లి చూశారో రాయలేదు. వేసవిలో వెళితే ఎవరికైనా నచ్చుతుంది. 1894 నాటి టవర్, సముద్రంలోకి కట్టిన మూడు పియర్లు, సముద్రం వెంట ట్రామ్, ఆగస్టు చివరి నుంచి జనవరి మొదటి వారం దాకా రోడ్డు పొడవునా దీపాలు. ఫిబ్రవరిలో పడమటి గాలి, వాన, నాలుగున్నర దాటగానే మసక వెలుగు. ఇంగ్లండ్‌లోని 2019 వెనుకబాటు సూచీలో సగటు స్కోరు ప్రకారం అన్నిటికన్నా వెనుకబడిన స్థానిక ప్రాంతం బ్లాక్‌పూల్. సముద్రానికి వెనక వీధుల్లో ఒకప్పటి యాత్రికుల లాడ్జీలు గదులుగా విడిపోయి, పేదరికం, జబ్బులు, మత్తు సమస్యలతో బతికేవారికి నీడనిస్తున్నాయి. ఆ మనుషులను తక్కువగా చూడకండి. రేపు మీ వార్డులో పేషెంట్లు వాళ్లే. తీర ప్రాంతాల ఆరోగ్యం మీద 2021లో ఇంగ్లండ్ చీఫ్ మెడికల్ ఆఫీసర్ క్రిస్ విట్టీ ఇచ్చిన నివేదిక, అక్కడ జబ్బులు ఎక్కువని, వైద్య సిబ్బంది తక్కువని చెప్పింది. మీకు ఉద్యోగం దొరకడం తేలిక, పని మాత్రం బరువు.

లేటన్, మార్టన్, బిస్పమ్ వైపు మామూలు కుటుంబాలు ఉండే వీధులున్నాయి. అక్కడా వీధి వీధికీ తేడా ఉంటుంది. అందుకని ముందు ఒక చలికాలం అద్దెకు ఉండండి. బాబు స్కూలు చూడండి. ప్రైమరీ ఒక్కటే చాలదు, ఊళ్లో సెకండరీ ఫలితాలు దేశ సగటు కన్నా తక్కువ కాబట్టి పదకొండేళ్లు వచ్చాక ఎక్కడ చదివిస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి. కరివేపాకుకి, సోనా మసూరికి, గుడికి ప్రెస్టన్ వెళ్లాల్సి రావచ్చు, రైల్లో అరగంట. గుజరాతీలు చాలాకాలంగా స్థిరపడిన ఊరది. నాలుగు తెలుగు కుటుంబాలు ఎక్కడున్నాయో కనుక్కోండి. ఇది డబ్బు సలహా కాదనిపించవచ్చు. తోడు లేక రెండేళ్లలో ఇల్లు అమ్ముకుని వెనక్కి వస్తే పోయేది డబ్బే.

ఆ చలికాలం గడిచాక కూడా ఊరు నచ్చితే కొనండి. 1,19,000 పౌండ్ల అప్పు 25 ఏళ్లకు, 4.75 శాతం వడ్డీ అనుకుంటే నెలకు 680 దాకా కట్టాలి. వీసా మీద ఉన్నవారికి కొన్ని బ్యాంకులు ఎక్కువ డిపాజిట్ అడుగుతాయి, కాబట్టి బ్రోకర్‌తో ముందే మాట్లాడండి. పాత టెర్రస్ ఇంటికి పైపై వాల్యుయేషన్ చాలదు, లెవెల్ 3 సర్వే చేయించండి. తేమ, పైకప్పు, ఉప్పుగాలికి తిన్న కిటికీలు అందులోనే బయటపడతాయి. ఆ వైపు ఇళ్లు కూడా లీజ్‌హోల్డ్‌లో, అంటే స్థలం వేరొకరిదై దీర్ఘకాల లీజు మీద ఉండటం మామూలే, అది అడగండి. విజయవాడలో స్థలం పెరిగినట్టు ఇక్కడ ధర పెరుగుతుందని లెక్క వేసుకోకండి, ఉండటానికే కొనండి. ఇంత చవకైతే అద్దెకిచ్చేందుకు రెండోది కూడా కొందామని ఎవరైనా అంటే ఇప్పుడు వద్దనే చెప్పండి.

మీ వారి కంపెనీ ఏం రాసిచ్చిందో, మీ వీసాకు ఇంకా ఎంత గడువుందో తెలిపి మళ్లీ రాయండి. ఐదేళ్లకు వచ్చే స్థిర నివాసాన్ని పదేళ్లకు పెంచాలని 2025 మేలో ప్రభుత్వం ప్రతిపాదించింది కాబట్టి, ఎన్నేళ్ల ఫిక్స్‌డ్ రేటు తీసుకోవాలో ఆ రెండూ చూశాకే చెప్పగలను.