మిద్దె మీద బంగినపల్లి కాస్తుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో 20 ఏళ్లనాటి రెండంతస్తుల ఇల్లు. మిద్దె మీద ఆకుకూరలు, వంగ, టమాటా బాగానే పండుతున్నాయి. ఇప్పుడు డ్రమ్ముల్లో పండ్ల చెట్లు పెట్టాలని ఉంది. మా అత్తగారికి బంగినపల్లి మామిడే కావాలట. మావారికేమో స్లాబ్ ఏమవుతుందోనని టెన్షన్. ఏం పెట్టమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీవారి టెన్షన్‌లో న్యాయం ఉందమ్మా. నేనూ ఒకప్పుడు 200 లీటర్ల నీలం డ్రమ్ము నిండా ఎర్రమట్టి పోసి బంగినపల్లి అంటు పెట్టాను. ఆరేళ్లలో తిన్నవి నాలుగు కాయలు. స్లాబ్‌కి వాటర్‌ప్రూఫింగ్ చేయించే రోజు వచ్చింది. నలుగురు కూలీలు పట్టినా డ్రమ్ము కదల్లేదు. మట్టంతా తవ్వి బకెట్లతో ఎత్తిపోశాక చూస్తే, అడుగు చిల్లులోంచి వచ్చిన వేరు స్లాబ్ పగుల్లోకి దిగి ఉంది. ఆ సంవత్సరం మా హాల్లో చెమ్మ ఎక్కడిదో అప్పుడు అర్థమైంది.

తడిసిన ఎర్రమట్టి లీటరుకు కిలోన్నర పైమాటే తూగుతుంది. అంటే పెద్ద డ్రమ్ము 300 కిలోలు. మనుషులు తిరిగే మిద్దెకు చదరపు మీటరుకు 150 కిలోలు అని లెక్కవేసి కడతారు. అందుకే డ్రమ్మును సగానికి కోయించండి. మట్టి మూడో వంతు చాలు, మిగతాది బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు, గుప్పెడు వేపపిండి. దాన్ని గది నడిమధ్యన కాకుండా బీము మీదికి వచ్చేలా పెట్టండి. ఫాల్స్ సీలింగ్ లేకపోతే కింది గదిలో తలెత్తితే బీములు కనిపిస్తాయి. కనపడకపోతే ఇంజినీరుని పిలవండి. డ్రమ్ము కింద ఇనుప స్టాండ్ తప్పనిసరి. చీపురు దూరేంత ఎత్తుండాలి.

ఇక చెట్లు. నన్నడిగితే మొదటి చెట్టు జామే. కొత్త చిగురు మీదే పూత వేస్తుంది కాబట్టి, ఎంత కత్తిరిస్తే అంత కాస్తుంది, ఎత్తూ పెరగదు. రెండోది నిమ్మ. బాలాజీ రకం అడగండి, గజ్జి తెగులును బాగా తట్టుకుంటుంది. దానిమ్మకు నీళ్లు ఒకరోజు పోసి రెండు రోజులు మరిచిపోతే కాయలు పగులుతాయి. ఊళ్లు తిరిగేవాళ్లు పెట్టుకోకపోవడం మంచిది. మునగ వద్దు. కొమ్మ పెళుసు, గాలికి విరిగి పక్కింట్లో పడుతుంది.

అత్తగారి కోసం ఆమ్రపాలి అంటు తెచ్చుకోండి. ఢిల్లీ శాస్త్రవేత్తలు దశేరి మామిడినీ, మన నీలం మామిడినీ కలిపి తీసిన పొట్టి రకం. నాటేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టిలో పూడకూడదు. ఆ కట్టు కింద నుంచి చిగురొస్తే వెంటనే గిల్లేయండి. మొదటి రెండేళ్లు పూత తుంచేయాలి. మనసొప్పదు గానీ తప్పదు. పండు చిన్నది, గుజ్జు ముదురు నారింజ రంగు, తీపి బాగుంటుంది. కానీ బంగినపల్లి అని మాత్రం చెప్పకండి, ఆవిడ మొదటి ముక్కకే పట్టేస్తారు.