డోపమిన్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. ఒంట్లో సంకేతాలు మోసే రసాయనం డోపమిన్ అనగానే అందరిలా ఫోను, రీల్స్, ఆనందం అంటూ మొదలుపెట్టకుండా నేరుగా కిడ్నీ దగ్గరికి వెళ్లావు. బాగుంది. కానీ రెండో పేరాలో "తక్కువ డోసు డోపమిన్ కిడ్నీలను కాపాడుతుంది" అని రాసేశావే, ఆ వాక్యం కొట్టెయ్.

ఐసీయూలో రోగికి మూత్రం తగ్గితే, కిలో బరువుకు నిమిషానికి రెండు మైక్రోగ్రాముల లెక్కన డోపమిన్ ఎక్కించడం ఒకప్పుడు మామూలే. అది కిడ్నీలోని డీ1 గ్రాహకాల మీద, అంటే కణాల మీద డోపమిన్ అంటుకునే ఒక రకం చోట్ల మీద, పనిచేస్తుంది. రక్తనాళాలు సడలుతాయి, సన్నటి గొట్టాలు సోడియంను వెనక్కి పీల్చుకోవడం తగ్గుతుంది, ఉప్పు వెంట నీళ్లూ బయటికి పోతాయి. మంచం పక్కన వేలాడే యూరిన్ బ్యాగ్ నిండుతుంది. దాన్ని చూసి డాక్టరుకూ టెన్షన్ తగ్గుతుంది, బయట కూర్చున్న బంధువులకూ తగ్గుతుంది. అయితే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల్లో 328 మందిని తీసుకుని, కొందరికి డోపమిన్, మిగతావాళ్లకు ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి ద్రవం, ఇచ్చి చూశారు. ఫలితాలు 2000లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చాయి. కిడ్నీ సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పేరుకునే వ్యర్థం క్రియాటినిన్ పెరగడంలో గానీ, డయాలసిస్ అవసరంలో గానీ, మరణాల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. బ్యాగ్ నిండటం వేరు, కిడ్నీ బతకడం వేరు. నీ వ్యాసానికి ప్రాణం ఇదే, దీనికి ఇంకో పేరా ఇచ్చినా నేనేమీ అనను.

హార్మోన్ల సంగతి మాత్రం మరీ హడావిడిగా ముగించావు. పాఠకుల ఇళ్లలో ఉండే మందు అక్కడే ఉందయ్యా, వాంతులకు వాడే డోంపెరిడోన్. అది డోపమిన్ అంటుకునే మరో రకం, డీ2 గ్రాహకాలకు అడ్డుపడుతుంది. రక్తంలోని మందుల్ని ఆపే కాపలా గోడ దాటి అది మెదడులోకి పెద్దగా వెళ్లదు కదా అంటావేమో, మెదడు కింద హార్మోన్లు వదిలే పిట్యూటరీ గ్రంథి ఆ గోడకు బయటే ఉంది. అక్కడ పాలు పట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్‌ను అణచి ఉంచేది డోపమినే. ఆ పట్టు సడలితే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. బిడ్డకు పాలివ్వని స్త్రీకి పాలు పడొచ్చు, నెలసరి తప్పొచ్చు, మగవాళ్లలో రొమ్ము ఉబ్బొచ్చు. క్యాబర్గోలిన్ అనే మందుది సరిగ్గా ఎదురు పని, డోపమిన్‌లా పనిచేసి ప్రొలాక్టిన్‌ను దించుతుంది.

డీ2కు అడ్డుపడే మరో వాంతుల మందు మెటోక్లోప్రమైడ్ గురించి కూడా రాయి. అది ప్రొలాక్టిన్‌తో పాటు ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్‌నూ పెంచుతుంది, ఆల్డోస్టిరాన్ వెళ్లి కిడ్నీని ఉప్పు పట్టి ఉంచమంటుంది. నీ వ్యాసంలో విడివిడిగా పడి ఉన్న రెండు సగాలూ, కిడ్నీ, హార్మోన్లు, కలిసే చోటు ఇదే. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఈ మందు డోసు తగ్గించాలని కూడా అక్కడే చెప్పు.

ఇదంతా చదివి ఎవరూ భయపడి మాత్రలు మానేయకూడదు. ఏ మందు ఎప్పటి నుంచి వాడుతున్నారో డాక్టరుకు చెప్పమని ఒక్క వాక్యం కలిపి, తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య