వీడియోలు చూస్తే ఇంగ్లీషు వస్తుందా?

అమ్మలూ,

నీ మెసేజీ చదివాను. ఆర్నెల్లుగా రోజూ రెండేసి గంటలు ఇంగ్లీషు వీడియోలు చూస్తున్నా, నోరు తెరిస్తే మాట రావట్లేదన్నావు. రాదు మరి. ఇన్నాళ్ళూ పని చేసింది నీ కళ్ళు, పోనీ చెవులు. నోటికి పనెక్కడిది?

"ముప్పై రోజుల్లో గలగలా మాట్లాడండి" రకాన్ని ముందు వదిలెయ్. పది వాక్యాలు బట్టీ పట్టిస్తారు, పదకొండోది అవసరమైతే నోరెళ్ళబెడతాం. అంతకంటే ఇంగ్లీషు సంగతులే ఇంగ్లీషులో చెప్పేవి చూడు. ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది, ఈ స్పెల్లింగు ఇలా ఎందుకు ఏడిసింది, ఈ పద్యంలో ఏముంది, ఇలాంటివి. కథలా వింటాం కాబట్టి మాట మనసులో నాటుకుంటుంది.

నా సంగతే చూడు. అప్పుని ఇంగ్లీషులో debt అంటారు కదా, పాతికేళ్ళు క్లాసులో పిల్లల చేత దాన్ని "డెబ్ట్" అని, బి గట్టిగా పలికించాను. రిటైరయ్యాక ఓ వీడియోలో విన్నాను: ఫ్రెంచి నుంచి ఆ మాట వచ్చినప్పుడు అందులో బి లేనేలేదట. లాటిన్‌లో "డెబిటుమ్" అని ఉంది కదా అని తర్వాతి పండితులు స్పెల్లింగులోకి దాన్ని దూర్చారు. జనం మాత్రం "డెట్" అనే అంటూ వచ్చారు. ఆ బి పలకాల్సిందేనని పట్టుబట్టే ఓ పంతులు మీద షేక్‌స్పియర్ నాటకంలో హాస్యం కూడా ఉంది. నాలుగొందల ఏళ్ళ ముందే నన్ను వెక్కిరించాడన్నమాట! మళ్ళీ ఆ మాట తప్పు పలికితే ఒట్టు.

పాత నాటకం సన్నివేశం ఏదైనా చూస్తే, "దౌ" అని ఎవరు ఎవర్ని అంటున్నారో గమనించు. అది మన "నువ్వు". "యూ" ఇంచుమించు "మీరు". ఇప్పటి ఇంగ్లీషు నువ్వుని వదిలేసి మీరుని ఉంచుకుంది. మర్యాదంతా వాక్యం పొడుగులోకి వెళ్ళింది: "ఓపెన్ ద విండో"కీ, "కుడ్ యూ ఓపెన్ ద విండో, ప్లీజ్"కీ తేడా అదే. సంస్కృతి వీడియోల్లో ఇలాంటివే పట్టుకోవాలి. బ్రిటిష్‌వాళ్ళు "క్వైట్ గుడ్" అంటే చాలాసార్లు "ఫర్వాలేదు" అనే అర్థం. అదే మాట అమెరికన్లు అంటే, నిజంగా బాగుందని. మెచ్చుకున్నారో లేదో తెలియకుండా థాంక్యూ చెప్పేస్తే ఏం బావుంటుంది?

ఇక పద్ధతి. ఐదారు నిమిషాల వీడియో ఒకటి తీసుకో, వారమంతా అదే. మొదటిసారి సబ్‌టైటిల్స్ లేకుండా చివరిదాకా చూడు, అర్థం కాకపోయినా ఆపకు. రెండోసారి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకో. తెలుగువి పెట్టావంటే చెవి పడుకుంటుంది. ఆటోమేటిగ్గా వచ్చేవి పేర్లనీ పాత మాటల్నీ తప్పు రాస్తుంటాయి, అనుమానమొస్తే డిక్షనరీ తియ్. తర్వాత అందులోంచి ఒకే ఒక్క నిమిషం ముక్క ఎంచుకో. వాళ్ళు ఒక వాక్యం అనగానే ఆపి, నువ్వూ అను. నోటికొచ్చాక ఆపకుండా, అర మాట వెనకాల వాళ్ళని వెన్నంటి పలుకు. మరీ వేగమైతే 0.75కి తగ్గించు. 0.5కి వద్దు, మాటలు సాగిపోయి లయ చెడుతుంది.

అసలు చిక్కంతా ఆ లయలోనే ఉంది. మనం ప్రతి అక్షరాన్నీ సమానంగా పలుకుతాం. వాళ్ళు ఒకచోట నొక్కి, మిగతావి సగం మింగేస్తారు. "ఫొటోగ్రాఫ్"లో బరువు మొదటి "ఫో" మీద. "ఫొటోగ్రఫీ"కి వచ్చేసరికి ఆ "ఫో" నీరసించి "ఫ"లా వినిపిస్తుంది, బరువు "టా" మీదికి జరుగుతుంది. "ఫొటోగ్రాఫిక్"లో అది "గ్రా" మీదికి పోతుంది. బరువు పడ్డచోట బల్ల మీద చేత్తో కొడుతూ ఈ మూడూ పలికి చూడు. నాకు "ఫొటోగ్రఫీ" ఒక్కటే నాలుగు రోజులు పట్టింది. యాస గురించి బెంగ పెట్టుకోకు, లయ కుదిరితే చాలు, వినేవాళ్ళకి అర్థమవుతుంది.

ఆ నిమిషం ముక్కని నీ గొంతుతో ఫోన్‌లో రికార్డు చేసి ఆదివారంలోగా నాకు పంపు. విన్నప్పుడు నీ గొంతు నీకే నచ్చదు, అయినా చెరిపెయ్యకు. నా "డెబ్ట్" కథ మాత్రం మీ అమ్మతో అనకు. దానికి ఆ మాట నేర్పింది కూడా నేనే.

మీ పెద్దమ్మ