త్యాగయ్య అక్షరమాల ఆట: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పుష్య బహుళ పంచమినాడు మా సంగీత పాఠశాలలో ఆరాధన అయ్యాక, పిల్లలతో త్యాగరాజస్వామి మీద అక్షరమాల ఆట ఆడించాలనుకుంటున్నాం. అక్షరానికో ప్రశ్న. ఎన్ని అక్షరాలు పెట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: యాభయ్యారింటి జోలికీ పోకండి. ఙ, ఞ, ణ, ళ లాంటి వాటి దగ్గర ఆట ఆగిపోతుంది. అచ్చుల్లో అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ, ఎ, ఏ, ఓ. హల్లుల్లో క, గ, చ, జ, త, ద, ధ, న, ప, ఫ, బ, భ, మ, య, ర, ల, వ, శ, స, హ, చివర క్ష. ఈ 30 అక్షరాలూ పల్లవులతోనే నిండుతాయి. కష్టమనిపించేవాటికి ఇవి రాసుకోండి, బ్రాకెట్లో ఉన్నది రాగం: ఆడమోడి గలదే (చారుకేశి), ఊరకే కల్గునా (శహాన), ఫణిపతి శాయి (ఝంకారధ్వని), లావణ్య రామ (పూర్ణషడ్జం), క్షీణమై తిరుగ (ముఖారి). 'ఖ' కూడా కావాలంటే ఖరహరప్రియ రాగం పేరు ఉండనే ఉంది.

క్ష విడిగా ఉంటుందా, నిఘంటువులో లాగా 'క' కింద చేరుతుందా అన్నది ముందే చెప్పేయండి. జ్ఞానమొసగరాదా 'జ' కిందే. 'ఎందరో' పాడేటప్పుడు 'యెందరో' అని వినిపిస్తుంది కాబట్టి విని రాసే పిల్లలు 'య' కింద వేస్తారు. పుస్తకంలో అచ్చయిన అక్షరమే లెక్క అని బోర్డు మీద రాసిపెడితే సగం తగువులు తగ్గుతాయి.

ప్రశ్న: పోయినసారి ఒకే ప్రశ్నకు రెండు జట్లు రెండు జవాబులు చెప్పాయి, రెండూ ఒప్పే అయ్యాయి. ప్రశ్న ఎలా తయారుచేయాలి?

జవాబు: రాగం ఒక్కటే ఇస్తే ఇదే జరుగుతుంది. "ప అక్షరం, ఖరహరప్రియ" అన్నారనుకోండి. పక్కల నిలబడి సరైనదే, పేరిడి నిను పెంచిన కూడా సరైనదే. "సీతమ్మనూ లక్ష్మణుణ్ణీ ఉద్దేశించి అడిగినది" అని చేర్చితే మొదటిదొక్కటే నిలుస్తుంది. కార్డు రాశాక, అదే అక్షరంతో ఆ రాగంలో మరో కీర్తన ఉందేమో కీర్తనల పట్టికలో ఒకసారి వెతకండి. ఈ పని మానితే తర్వాత ఎంత సర్దినా లాభం ఉండదు.

ఒక్కో కార్డుకు మూడు ఆధారాలు: మొదటిదానికే చెబితే 3 మార్కులు, రెండోదానికి 2, మూడోదానికి 1. వరసగా 20, 15, 10 సెకన్లు. జవాబులు సరిచూడటంతో కలిపి 30 అక్షరాలకు నలభై నిమిషాలు పెట్టుకోండి. మచ్చుకు 'న' కార్డు: ఒకటి, యమునలో పడవకు చిల్లు పడింది. రెండు, ఎక్కినవాళ్లు గోపికలు, కృష్ణుడు. మూడు, ప్రహ్లాద భక్తి విజయంలాగే ఇదీ త్యాగయ్య రాసిన గేయనాటకం. జవాబు నౌకా చరిత్రము.

మూడో ఆధారంగా ప్రాసను, అంటే రెండో అక్షరం కలవడాన్ని, వాడుకుంటే ఆట రుచి తెలుస్తుంది. 'య' దగ్గర, "…సుఖమను వారికి సమమజ్ఞానులు గలరా ఓ మనసా" అని పాడి మొదటి పదం అడగండి. 'అజ్ఞానులు'లోని 'జ్ఞా' పట్టుకున్న పిల్లవాడు, కీర్తన రాకపోయినా 'యజ్ఞాదులు' దాకా వెళ్లిపోతాడు. సాహిత్యం మీద వాళ్ల చెవి తెరుచుకునేది ఇలాంటి చోటే. ఇలాంటివి నాలుగైదైనా పెట్టండి.

అడగకూడనివీ ఉన్నాయి. పుట్టిన సంవత్సరం ఎక్కువమంది 1767 అంటారు, పాత పుస్తకాల్లో కొన్నిటిలో 1759 కనిపిస్తుంది. దాని బదులు సిద్ధి పొందిన రోజు అడగండి: 1847 జనవరి 6, తిరువయ్యారు. జ్ఞానమొసగరాదా రాగమూ వద్దు. షడ్విధమార్గిణి అనేవారున్నారు, పూర్వికల్యాణి అనేవారున్నారు.

ప్రశ్న: మా పిల్లలు ఇంగ్లీషు లిపిలో చూసి పాడతారు. వాళ్లతో ఆడించవచ్చా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఆడించవచ్చు, అయితే కార్డు మీద తెలుగు అక్షరం పెద్దగా ఉండాలి. ఇంగ్లీషులో త, ట ఒక్కటే. ఎ, ఏ ఒక్కటే. తమిళ లిపి పుస్తకం చూసేవాళ్లకు క, గ కలిసిపోతాయి. పక్కన అక్షరాన్ని పలికి చూపే పెద్దవాళ్లొకరు ఉంటే చాలు.

ప్రశ్న: చివరి చరణంలో 'త్యాగరాజ' ముద్ర (రచయిత తన గుర్తుగా పెట్టుకునే పేరు) ఉంటే ఆయనదే అని తీర్పు చెప్పవచ్చా?

జవాబు: తొందరపడవద్దు. 'త్యాగరాజ యోగ వైభవం' మొదటి మాటే త్యాగరాజ. అయినా అది ముత్తుస్వామి దీక్షితులది, తిరువారూరులో వెలసిన త్యాగరాజస్వామి మీద రాసినది. దీక్షితుల ముద్ర 'గురుగుహ', శ్యామశాస్త్రిది 'శ్యామకృష్ణ'. 'త' అక్షరం దగ్గర జట్లు ఈ కీర్తనే చెప్పే వీలుంది, తీర్పరికి ముందే చెప్పి ఉంచండి. త్యాగయ్య ముద్రతో తర్వాతివాళ్లు కట్టినవని అనుమానమున్న పాటలూ కొన్ని ఉన్నాయి. అందుకే వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యపరంపరల్లో నిలిచిన కీర్తనల నుంచే కార్డులు రాయండి.