ఏ పార్టీలోనూ లేను, ప్రైమరీలో ఓటు వేయవచ్చా?

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. నాకు నిరుడు అమెరికా పౌరసత్వం వచ్చింది. ఓటరుగా నమోదైనప్పుడు ఏ పార్టీ పేరూ రాయలేదు. నవంబరు ఎన్నికకు పార్టీల అభ్యర్థులను ఓటర్లే ఎంచుకునే జూన్ ప్రైమరీలో ఓటు వేయాలంటే పార్టీ సభ్యత్వం తీసుకోవాలని, ఆ తర్వాత బయటికి రాలేమని మిత్రులు అంటున్నారు. నిజమేనా? నా భార్యకు గ్రీన్ కార్డు ఉంది. ప్రైమరీ పార్టీల సొంత వ్యవహారమే కదా, ఆమె కూడా వేయవచ్చా?

జవాబు: మీరు వేయవచ్చు. తప్పక వేయండి. ఏ పార్టీ పేరుతోనూ నమోదు కాని ఓటరు ప్రైమరీ రోజున పోలింగ్ కేంద్రంలోనే తన పార్టీని ప్రకటించి ఓటు వేయడానికి న్యూజెర్సీ చట్టం అనుమతిస్తుంది. ఆ పార్టీ బ్యాలెట్ ఒక్కటే ఇస్తారు. ఓటరు జాబితాలో మీ పేరు పక్కన ఆ పార్టీ పేరు చేరుతుంది. మీ మిత్రులు సభ్యత్వం అంటున్నది దీన్నే. చందా కట్టనక్కర లేదు, నవంబరులో ఆ పార్టీకే ఓటు వేయాలన్న నిర్బంధమూ లేదు. బయటికి రాలేమన్నది అపోహ. ఫారం నింపి మునిసిపల్ క్లర్కుకు ఇస్తే మళ్లీ ఏ పార్టీకీ చెందని ఓటరు అవుతారు. ఒక పార్టీ నుంచి మరో పార్టీకి మారి ప్రైమరీలో ఓటు వేయాలంటే మాత్రం ఆ ఫారం 55 రోజుల ముందే అందాలి.

తపాలా బ్యాలెట్ కోరుకున్నవారికి ఒక హెచ్చరిక. పార్టీ ప్రకటించనిదే మీకు ప్రైమరీ బ్యాలెట్ పంపరు. ఆ సంగతి చెబుతూ వచ్చే ఉత్తరాన్ని ప్రచార కాగితాలతో పాటు పారేయకండి.

మన దగ్గర అభ్యర్థిని అధిష్ఠానం ఖరారు చేసి బి-ఫారం చేతిలో పెడుతుంది. ఆ అలవాటుతో ఇక్కడ ప్రైమరీని మనవాళ్లు వదిలేసుకోవడం చూస్తే బాధ వేస్తుంది. ఒకే పార్టీకి పట్టున్న చోట అసలు పోటీ జూన్‌లోనే తేలిపోతుంది.

ఇతర రాష్ట్రాలలో ఉన్న మీ బంధువులకు ఈ సలహా యథాతథంగా చెప్పకండి. డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియాకు వెళితే, పార్టీ పేరుతో ముందే నమోదైనవారికే అభ్యర్థులను ఎంచుకునే ఓటు. టెక్సస్‌లో పార్టీ నమోదే లేదు, ఏదో ఒక ప్రైమరీని ఎంచుకోవచ్చు. కాలిఫోర్నియాలో మరో చిక్కు ఉంది: ‘అమెరికన్ ఇండిపెండెంట్’ అన్నది ఒక పార్టీ పేరు. స్వతంత్ర ఓటరు అనుకుని ఆ గడిలో టిక్కు పెట్టినవారు ఆ పార్టీ ఓటర్లుగా నమోదవుతారు.

ఇక మీ భార్య సంగతి. ఆమె ఓటు వేయకూడదు, ఓటరుగా నమోదు కూడా కాకూడదు. పోటీ పార్టీలోపలిదే అయినా ఎన్నిక నిర్వహించేది ప్రభుత్వం, ఓటరుకు ఉండవలసిన అర్హతలు అవే. చట్టవిరుద్ధంగా ఓటు వేసిన విదేశీయులను దేశం నుంచి పంపించే నిబంధన వలస చట్టంలో ఉంది. ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా అని పౌరసత్వ దరఖాస్తులోనే అడుగుతారు. డ్రైవింగ్ లైసెన్సు పనికి వెళ్లినప్పుడు ఓటరు నమోదు ప్రశ్న ఎదురైతే ‘వద్దు’ అని చెప్పమనండి. సంతకం చేసే ముందు ప్రతి గడీ చదవమనండి. పొరపాటున ఇప్పటికే నమోదై ఉంటే, పౌరసత్వ దరఖాస్తు పెట్టకముందే వలస న్యాయవాదిని కలవండి.